పెద్దల్లుళ్ళ పంక్తి

మిరపచేనుకు కాపలా అక్కర్లేదని నమ్మినవాణ్ణి నేను. నమ్మి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. అత్తవారి తరఫు బంధువులందరి ముందు, వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలు వేసుకుని మరీ చెప్పాను. గుంటూరు వైపు పుట్టి, మిరపకాయల వ్యాపారం తోక పట్టుకుని విరుదునగర్ చేరి ఇక్కడే ఇల్లరికం లాంటిది వెలగబెడుతున్నవాణ్ణి. కాయను విరిచి వాసన చూసి అది ఏ నేలదో చెప్పగలనని మా కొట్లో పేరు. కాయ సంగతి అంత తెలిసినవాడికి దాన్ని తినేదెవరో తెలియలేదు. కొరికితే నోరు మండుతుంది గనక ఏ ప్రాణీ ముట్టదని నా సిద్ధాంతం. పక్షుల నాలుకకు ఆ మంట తగలనే తగలదట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నా సిద్ధాంతం పక్షులకూ ఎవరూ చెప్పలేదు.

మొన్న మా గోదాములోకి వెంటిలేటరు సందులోంచి ఒక చిలక దూరింది. బస్తాల గుట్ట మీద కూర్చుని, ఎర్రటి కాయనొకదాన్ని కాలి గోళ్ళ మధ్య, పెద్దమనిషి చుట్ట పట్టుకున్నంత తీరుగా పట్టుకుని, గింజలు ఒలుచుకు తింటోంది. హమాలీలు గోనెసంచి విసరబోయారు.

"ఉండండయ్యా, తిననివ్వండి. ఆయన పెద్దల్లుడు," అన్నాను.

వాళ్ళు నా వంక చూసి, ఎండ దెబ్బ అనుకున్నారేమో, ఒకడు మజ్జిగ తెచ్చిచ్చాడు.

ఆ మాట నాది కాదు, మా పెద్దత్తది. మా ఆవిడ తల్లికి అక్కగారు. పోయి ఏడాది కావస్తోంది. కోవిల్‌పట్టి దాటి కయత్తారు వైపు వెళ్తుంటే, గాలిమరల నడుమ ఒక పాత గోడ కనిపిస్తుంది. సున్నంలో బెల్లమూ కరక్కాయా కలిపి రాళ్ళు పేర్చి కట్టిన గోడ. ఒకప్పుడు ఏదో జమీ వారి ఆడవాళ్ళు ఎవరి కంటా పడకుండా షికారు చేయడానికి కట్టించారట. జమీ పోయింది, షికారు పోయింది, గోడ మిగిలింది. గోడ లోపలి తోట పెద్దత్త అత్తవారి వంశానికి వచ్చింది. కోట లేని తోట. పిల్లలు లేని పెద్దత్త ఆ తోటకు రాణీ, మంత్రీ, తలారీ కూడా.

గోడకు ఒకటే గేటు. గేటు బయట ఆవిడ మాట్లాడేది తమిళం. ఒక కాలు లోపల పెట్టగానే తెలుగు. పోస్టు తెచ్చినవాడితో గడపకు అటు నిలబడి తమిళంలో మాట్లాడి, ఇటు తిరిగి అదే ఊపిరిలో తొండను తెలుగులో తిట్టేది. "తొండకు అరవం రాదా అత్తా?" అని అడిగాను ఒకసారి. "అది ఇంటి మనిషి. ఇంటి మనిషితో ఎవరన్నా అరవం మాట్లాడతారా?" అన్నది. నా తెలుగు మాత్రం ఇంటి తెలుగుగా ఆవిడ ఒప్పుకోలేదు. "నీది టీవీ తెలుగు. ఇస్తిరీ పెట్టినట్టు ఉండాది," అనేది. మా వైపు అల్లుణ్ణి మీరూ గారూ అంటారు. ఆవిడ మొదటి రోజే "నువ్వు" అన్నది. నేను చిన్నబుచ్చుకున్నానని మా ఆవిడ వెళ్ళి చెబితే, "తొండకు గూడా నువ్వే అంటిని, అది కోపగించుకోలేదే," అన్నదట.

ఆ తోటలో కుండ ఎత్తాలన్నా, ఆకుల కుప్ప కదపాలన్నా పెద్దత్త ముందుగా దగ్గేది. పరాయి ఇంటి గడపలో మగవాడు దగ్గినట్టు ఒక దగ్గు. తర్వాత మెల్లగా చప్పట్లు. "కదలండి నాయనా, వస్తాండాను." అప్పటికి కుండ కింద కప్పో తేలో సర్దుకునేది. ఎండుటాకులు ఊడ్చి కాల్చడం లేదు, చెట్లకే కప్పాలి. కొట్టిన కొమ్మలన్నీ ఒక మూల కుప్ప, అది ముంగిస సంసారానికి. పగిలిన కుండల అడుగులు నేలలో పాతి నీళ్ళు, అవి పిట్టలకూ తేనెటీగలకూ. జిల్లేడు పీకకూడదు, సీతాకోకలు గుడ్లు పెడతాయి. మందు కొట్టడమన్న మాటే లేదు. వేపపిండి వేసేది. అది వానపాములకు కడుపు శుద్ధి అని ఆవిడ నమ్మకం. ఇలాంటి నమ్మకాలు ఇంకా ఉండేవి. కప్పలు ఎండాకాలం తిరుపతి వెళ్ళి వస్తాయనేది. ఎవరన్నా నవ్వితే, "మరి నువ్వు చూసినావా, ఎక్కడ ఉంటాయో చెప్పు," అని నిలదీసేది. ఎవరికీ తెలియదు గనక కప్పలు తిరుపతికే వెళ్ళేవి.

తోటలో తిరిగే ప్రతి ప్రాణికీ చుట్టరికం కలిపింది. జెర్రిపోతు చిన్నాయన: మాటా పలుకూ లేదు, ఇంటి పని చేసిపెట్టి పోతాడు. ఉడుము వియ్యంకుడు: ఎప్పుడో వస్తాడు, వచ్చిన రోజు మర్యాద కావాలంటాడు, గుడ్లు మింగి పోతాడు. చిలకలు పెద్దల్లుళ్ళు. పచ్చగా సోకు చేసుకుని వస్తారు, పని చేయరు, పండు కొరికి సగం పారేస్తారు, అయినా ఏమీ అనకూడదు. నేను చిన్నల్లుణ్ణి. పండు ఏదైనా సరే, పెద్దల్లుళ్ళు ముక్కు పెట్టాకే నాకు. ఆ తోట సీతాఫలం నేను నిండుగా ఎప్పుడూ చూడలేదు. నాకు అందేవన్నీ చిలక్కొట్టుళ్ళే.

గోడ మీదుగా కనిపించే గాలిమరలంటే మాత్రం పడదు. ఎవరి మాటకైనా జవాబు తోచకపోతే వాటి మీద పడేది. "మూడు చేతులుండీ ఏమి లాబం? ఒక్క గడ్డి పరక పీకిందా?"

ఇక అసలు కథ. ఏటా మాసి నెలలో, అంటే శివరాత్రి రోజుల్లో, ఆ వంశం వాళ్ళందరూ తోటలో చేరి ఇంటి దేవరకు పొంగలి పెట్టి, అక్కడే వండుకు తిని పోతారు. అన్నం బియ్యం ఎక్కడివైనా సరే. పులుసు కుండలో పడేదంతా మాత్రం గోడ లోపల పుట్టిందే కావాలి. వంకాయ, మునక్కాయ, చింతపండు, ధనియాలు, మిరపకాయ, అన్నీ ఆ ఏటి పంటే. గోడ దాటి రానిచ్చేది ఉప్పొక్కటే. ఎందుకని అడిగితే, దేవరకు బయటి వాసన పడదన్నది. ఇంకోసారి అడిగితే, పూర్వం జమీందారుకు ఎవరో విషం పెట్టబోయారన్నది. మూడోసారి అడిగితే, "నీకు కొట్లో పని లేదా?" అన్నది.

ఆ ఆచారం వల్లే తోట తోటగా ఉంది. ఏడాదికో కుండ పులుసు కోసమైనా అక్కడ అన్నీ పండాలి కదా. ఇది పెద్దత్తకు తెలుసు. ఆవిడ తోడికోడలికి ఇంకా బాగా తెలుసు. ఆమెది కారియాపట్టి. తోటలో సగం హక్కు ఆమె పిల్లలది. పొంగలిని కోవిల్‌పట్టిలో ఏసీ మండపానికి మార్చేస్తే, తోటను ప్లాట్లుగా కొట్టేయొచ్చని ఆమె లెక్క. ఆచారానికి అడ్డు చెబితే దేవర ఊరుకోదని భయం. అందుకని ఆచారం దానంతటదే చెడిపోయే రోజు కోసం ఓపిగ్గా కాచుకుని ఉంది.

ఆ రోజు తెచ్చిపెట్టింది నేనే.

మిరపమళ్ళ దగ్గర పగలంతా డబ్బా కొట్టి పిట్టలను తోలే ఒక ఆవిడ ఉండేది. ఆమె కూతురి దగ్గరకు వెళ్ళిపోయింది. ఈసారి మిరప ఎవరు చూస్తారని వేపచెట్టు కింద మాట వచ్చింది. నేను గొంతు సవరించుకున్నాను.

"మా గుంటూరు విత్తనం తెస్తానత్తా. పెంచే పూచీ నాది."

విత్తనం బయటిదైతే ఏం, పుట్టేది లోపలే కదా అని పెద్దత్త ఒక్క క్షణం ఆలోచించి తల ఊపింది. "కోడలు గూడా బయటి నుంచి వచ్చిందే. సరి, కాపలా ఎవురు?"

"దానికి కాపలా ఎందుకు? ఒకసారి కొరికినవాడు మళ్ళీ ఆ దిక్కుకు రాడు."

"పెద్దల్లుళ్ళు గూడానా?"

"చిలక కొరికితే పలుకు పోతుంది."

అందరూ నవ్వారు. పెద్దత్త నవ్వలేదు, నమ్మింది. మిరప తింటే చిలకకు గొంతు బాగుపడుతుందని అంతవరకు ఆవిడ అభిప్రాయం. దాన్ని నా మాట కోసం మార్చుకుంది. "ఇన్నాళ్ళకి మనింటికి ఒక గట్టి కాయ వచ్చె," అన్నది. నన్నో, మిరపనో అప్పుడు తేలలేదు.

మొక్కలు బాగా వచ్చాయి. ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్ళి చూసుకుని మురిసేవాణ్ణి. కాయ ఎరుపు తిరిగిన వారం వెళ్ళేసరికి తోటలో పెళ్ళిసందడి. చిలకలు, గోరింకలు, పిగిలిపిట్టలు, గోడ దిగి వచ్చిన నెమళ్ళు. పలుకు పోవడం అటుంచి, కచేరీ పెట్టాయి.

వల తెచ్చాను. "చిన్నాయన చిక్కుకుంటాడు," అని పెద్దత్త వల చుట్టి నా సంచిలోనే పెట్టేసింది. శివకాశి ఎంతో దూరం లేదు కదా, నాలుగు టపాకాయలు పేలుద్దామన్నాను. "ముంగిస ఇంటామె బాలింత. నీకు కొంజెమన్నా బుద్ధి ఉండాదా?" పాత సీడీలు దారానికి కట్టి వేలాడదీశాను. చిలకలు వాటిలో మొహం చూసుకుని, ముక్కు సవరించుకుని, మళ్ళీ భోజనానికి దిగాయి. గడ్డిబొమ్మకు నా చొక్కా తొడిగాను. దాని తల మీద గోరింక కూర్చుంది. "అచ్చం నువ్వే," అన్నది పెద్దత్త.

పొంగలి నాటికి మళ్ళలో మిగిలినవి మొక్కలే. నేను రోజూ మిరపకాయల కొండల మధ్య కూర్చునేవాణ్ణి. ఆకలేసినవాడు అన్నపు రాశి మీద పడుకున్నట్టు. ఉండబట్టలేక ఆ ఉదయం మా గోదాములోంచి మంచి కాయలు ఒక పొట్లం కట్టి జేబులో దాచుకుని వెళ్ళాను. గేటు దగ్గర పెద్దత్త ఎదురొచ్చింది. దగ్గు రాలేదు, తుమ్ము వచ్చింది. నా జేబు వంక చూసింది.

"ఏముండాది దాన్లో?"

"చేతిగుడ్డ."

"చేతిగుడ్డకు తుమ్ము వచ్చునా? తీసి ఆ రాయి మీద పెట్టి రా."

పెట్టి వెళ్ళాను. ఆ పూట నా ఘాటంతా గేటు బయటే ఉండిపోయింది.

పులుసు ఎలా ఉందో చెప్పనక్కర్లేదు. వరుసలో కూర్చున్న వాళ్ళు ఒక ముద్ద తిని, ఇంకెవరన్నా ముందు అంటారేమోనని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కారియాపట్టి అత్తకు మొహమాటం లేదు.

"ఏమక్కా, ఇది ఆసుపత్రి సాపాడా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"గుంటూరల్లుడు కారమంతా బస్సులోనే మరిచిపోయినట్టుంది. పోనీ అక్కా, ఇంకెన్నాళ్ళు ఈ అవస్త? మండపంలో ఏసీ ఉండాది, వంటకు ఆళ్ళుండారు. దేవరకు గూడా కాలు నొప్పి ఉండదా, ఇంత దూరం రావాలంటే?"

పెద్దత్త గోడ మీదుగా గాలిమర వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అది తిరుగుతున్నంతసేపు చూసి, ఆకు మీది చప్పిడి పులుసు కడదాకా తిని, లేచి చెయ్యి కడుక్కుని వచ్చి అన్నది:

"ఒక్క ఏడు ఇయ్యి. వచ్చే మాసికి కుండలో కారం లేకపోతే నీ మండపానికే వస్తాను. టెంకాయ నేనే కొడతాను."

అందరూ విన్నారు. ఆ సాయంత్రం నేను చెప్పులు వెతుక్కుంటుంటే వెనక నుంచి పిలిచింది.

"ఏమి చప్పిడల్లుడా, బస్సుకు టైమాయెనా?"

అదే పేరు పడింది. పిన్నమ్మలు, పెదనాన్నలు, వాళ్ళ మనవలు అందరికీ నేను చప్పిడల్లుణ్ణి. గేటు దగ్గర మల్లెపూలమ్మే మనిషి దాన్ని తమిళంలోకి కూడా మార్చుకుంది. మిరపకాయ తిని బతికే మనిషికి అంతకంటే పెద్ద తిట్టు ఏ భాషలోనూ లేదు. మా ఆవిడ మాత్రం ఆ పేరుతో పిలవలేదు. కూరలో ఉప్పు తగ్గిన రోజు కూడా నా వంక చూసి నవ్వేదంతే.

వానలు మొదలుకాకముందే పెద్దత్త కబురు పెట్టింది. వెళ్ళాను. నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది.

"పెండ్లిలో మొదటి పంతికి ఎవుర్ని కూచోబెడతారు?"

"వియ్యాలవారిని."

"వాళ్ళు కడుపు నిండా తిన్నాక మళ్ళీ రెండో పంతికి వస్తారా?"

"మా వైపు వస్తారు."

"మా పక్క రారు. మానం ఉండాది." కొంగు దులిపి లేచింది. "నువ్వు పోయినేడు చేసినదేమి? వచ్చిన ఇంటి అల్లుళ్ళను నిలబెట్టి, పోండి పోండి అంటివి. పోతారా? ముందు వాళ్ళకు ఆకు వెయ్యాల."

ఆకు వేశాం. గోడ పొడవునా, చిలకలు వాలే చెట్ల కింద, ఆ ఊరి సూదిమిరప ముందుగా నాటాం. కూర్చోవడానికి వీలుగా మధ్య మధ్య ఎండుకొమ్మలు పాతాం. నీళ్ళ చిప్పలు పెట్టాం. నా గుంటూరు మొక్కలు ఆలస్యంగా, తోట నడిమధ్య, ఆముదం చెట్ల మాటున. అక్కడ పిట్ట వాలడానికి పుల్ల కూడా లేకుండా తీసేశాం. మొదటి పంక్తి ఎరుపు తిరిగేసరికి రెండో పంక్తి ఇంకా పూతలో ఉంది. ఆదివారం నేను వెళ్ళేసరికి పెద్దత్త గోడ వారన తిరుగుతూ వడ్డన చూసుకుంటుండేది. "తినండి నాయనా, మొగమాటం వద్దు. అద్దో, ఆ కొమ్మకు ఇంకా ఉండాయి." నన్ను చూసి, "నువ్వు దూరంగా ఉండు, వాళ్ళు సిగ్గుపడతారు," అనేది.

నా కాయలు ఎర్రబడ్డ వారం మాత్రం ఆవిడకు నిద్ర పట్టలేదట. ఫోను చేయించి మా ఆవిడతో చెప్పిందేమిటంటే, తోట పోతుందన్న బెంగ లేదు, ముంగిసకు ఏమని చెప్పాలో తెలియడం లేదు, అని. నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఇద్దరం ఆముదాల మాటున కూర్చుని చూశాం. చిలకలు గోడ వార తిని, ముక్కులు కొమ్మకు రుద్దుకుని ఎగిరిపోయాయి. ఒక గుంపు మాత్రం వెనక్కి తిరిగి వచ్చి నా మొక్కల మీద వాలింది.

"చూసినావా," అన్నది పెద్దత్త. "అవి మీ పక్కవి."

మా వైపు వాళ్ళు తినగా కూడా చాలినన్ని మిగిలాయి. నేనే కోశాను, నేనే ఎండబెట్టాను. పొంగలి పొద్దున రోలు దగ్గర కూర్చున్నదీ నేనే. అరిటాకులు కడుగుతూ పెద్దత్త అటునుంచి కేకలు.

"వేసినావా?"

"వేశానత్తా."

"ఇంకా వెయ్యి. చప్పిడి చెయ్యి గదా, నాకు బయంగా ఉండాది."

"ఇంకా వేశాను."

"గింజలు తీసినావా ఏమి? దయ చూపొద్దు. అసలు నువ్వు గుంటూరువాడివేనా, లేక అట్లా బస్సులో వస్తావస్తా పేరు చదివినావా?"

నేను దయ చూపలేదు. ఉన్న కాయలన్నీ, గింజలతో సహా, కుండలో పడ్డాయి. పులుసు ఉడుకుతుంటే నెమలి ఒకటి గోడ దిగబోయి, ఎందుకో మనసు మార్చుకుంది.

దేవర పూజ రోజు వడ్డన ఆ ఇంట్లో అల్లుళ్ళదే. ఆఖరి పంక్తిలో పెద్ద ఆడవాళ్ళు కూర్చున్నారు. కారియాపట్టి అత్త ఏదో మాట సిద్ధం చేసుకునే వచ్చింది. మొదటి ముద్దతోనే అది గొంతులో కరిగిపోయింది. ముక్కు తుడుచుకుంది, కళ్ళు తుడుచుకుంది, చెవులు కూడా తుడుచుకుంది. తర్వాత ఆకు ముందుకు జరిపి, "ఇంకో గంటె," అని సైగ చేసింది. అది అయ్యాక, మిగిలితే టిఫిన్ క్యారియర్‌లో పోసిమ్మని మా ఆవిడకు సైగ. మండపం ఊసు ఆ పూట ఎవరి నోటా రాలేదు. ఆ పూట ఎవరి నోరూ మాట్లాడే స్థితిలో లేదు.

ఆమె పక్కన పెద్దత్త. ఒక ముద్ద పెట్టుకుని ఆగింది. చెవుల తమ్మెలు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత ముక్కు. తోడికోడలి వంక ఓరగా చూసి గర్వంగా ఇంకో ముద్ద పెట్టుకుంది. గర్వం ఒక చెంప మీదుగా, చెమట ఇంకో చెంప మీదుగా దిగాయి.

"కారం చాలిందా అత్తా?" అన్నాను, ఎదురుగా నిలబడి.

"పరవాలే," అనబోయింది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. చెయ్యి గ్లాసు కోసం వెళ్ళింది. గ్లాసు ఖాళీ. తలెత్తి చూసింది. నీళ్ళ చెంబు నా చేతిలో ఉంది.

"అల్లుడా," అన్నది, ఆ ఇంట్లో నేను విన్న అత్యంత మర్యాదైన గొంతుతో. "నీళ్ళు."

"వస్తాండా అత్తా," అని, ఎదుటి వరుస ఆ చివరికి తీరిగ్గా నడిచి వెళ్ళి, అక్కడ కూర్చున్న ముసలావిడ దగ్గర వంగి, దాహంగా ఉందా అని అడిగాను. వద్దన్నది. ఆవిడ పక్కావిణ్ణి అడిగాను.